గేటు బయట నేను పెట్టిన పరీక్ష

ఈ రోజు మా అమ్మాయికి పదో తరగతి లెక్కల పరీక్ష. సెంటర్ తిరుచానూరులో పడింది. గంట ముందే చేరుకున్నాం. సమయం వృథా చేయడమెందుకని గేటు బయటే నిలబెట్టి సూత్రాలు అడగడం మొదలుపెట్టాను. రెండు చెప్పింది. మూడోది సగంలోనే ఆగిపోయింది.

"ఏమీ గుర్తుకు రాలా నాయనా. ఇంటికి పోదాం పా" అని ఏడ్చేసింది.

నాకు ఏం చేయాలో తోచలేదు. తోచక, ఇంకో సూత్రం అడిగాను.

పక్కనే పూలు కడుతున్న పెద్దావిడ ఇదంతా చూస్తూనే ఉంది.

"సార్, నువ్వు కొంచేపు గమ్మునుండు. పాపా, నువ్వొచ్చి ఈడ కూసో. ఈ మల్లెపూలు జతలు జతలుగా నాకందియ్యి" అంది.

మా అమ్మాయి వెళ్లి కూర్చుంది. మొదట పూలు చేతిలోంచి జారిపోయాయి. ఆవిడ కోప్పడలేదు.

"మా మనవరాలు గూడా పోయినేడు ఇట్లే ఏడ్సింది. ఏడిస్తే ఏమీ కాదులే" అని మాత్రం అంది.

మూరెడు దండ అయ్యేసరికి పూలు జారడం ఆగింది. బెల్లు కొట్టగానే కళ్లు తుడుచుకుని, నా వైపు చూడకుండా తనే లోపలికి నడిచింది.

మధ్యాహ్నం బయటికొచ్చి, "ఒక పెద్ద లెక్క వదిలేసినా నాయనా" అంది నెమ్మదిగా.

ఏ లెక్క అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఆకలేస్తోందా?" అని అడిగాను. తల ఊపి నా చెయ్యి పట్టుకుంది.

అది ఏ లెక్కో నాకింకా తెలియదు. నిజం చెప్పండి, మీరైతే అడగకుండా ఉండగలిగేవారా?