పెనం మీద వేయించిన మట్టితో చంద్రపూర్‌కు

ముందుగా నా రాతను మన్నించండి. నేను చదివింది ఆరో తరగతి దాకా, అదీ మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నాను, కాబట్టి తప్పులుంటాయి. నోటుబుక్కులో నా గజిబిజి రాతను విప్పి చదివి మా ఆడబిడ్డ దీన్ని ఫోన్‌లో ఎక్కించింది.

మాది చంద్రపూర్ జిల్లాలో కోర్పనా దగ్గరి పల్లె. పత్తి ఏరడం అయిపోగానే, పురుగు చావాలని, చేలో మిగిలిన పత్తి కట్టెను కుప్పలేసి కాల్చడం మా మామయ్యకు అలవాటు. దాన్ని తునకలు చేసి మట్టిలో కలిపితే నేలకు బలమని మా పొదుపు సంఘంలో విన్నాను. ఏటా ఎండలు ముదురుతున్నాయి, మా నల్లరేగడి గట్టిపడుతోంది. మా ఆయనతో ఆ మాట చెప్పించాను. "నేల బలం తగ్గిందని కాయితం తెస్తె ఆపుత. లేకుంటె శనివారం అగ్గి వెడుత" అన్నారు మామయ్య. మా ఆయనకు సెలవు దొరకలేదు. గురువారం పరీక్షకు మా చేని మట్టిని పొట్లం కట్టి, సంచిలో వేసుకుని నేనొక్కదాన్నే బయలుదేరాను.

ఉదయం ఏడింటికి ఎస్టీ బస్సు, అంటే మా సర్కారు బస్సు, ఎక్కాను. ఆడవాళ్లకు సగం టికెట్టే. గడ్‌చాందూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము లేస్తుంది, మీరు ఆ దారిన వెళ్తే కిటికీ మూసుకోండి. రాజురా, వర్ధా వంతెన, బల్లార్‌పూర్ దాటి తొమ్మిది దాటాక చంద్రపూర్‌లో దిగాను. భూపరీక్ష ఆఫీసుకు ఆటో ముప్పై రూపాయలు. ఆటో నడిపే అన్న లాల్‌పేట్ తెలుగాయన. నా సంచి చూసి, "మట్టి మోసుకొచ్చినవా చెల్లె? మా దిక్కు బొగ్గు గని మట్టి గుట్టలు గుట్టలుంది, పోయేటప్పుడు గది గుడ తీస్కపో" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను, ఒంటరిగా వచ్చిన భయం కొంత తగ్గింది.

ఆఫీసులో వరుస చిన్నదే. పరీక్ష చేసే మేడం సిరొంచా వైపు ఆమె, తెలుగు వచ్చు. నా పొట్లం విప్పి వాసన చూసి ఆగిపోయింది.

"ఏం జేసినవ్ గీ మట్టిని?"

"మొన్నటి వానకు తడిసిండె మేడం. పెంక మీద ఏంచిన."

నా వెనకున్న రైతు, "ఉప్పు గిట్ట ఏసినవా బిడ్డా?" అన్నాడు. అందరూ నవ్వారు. కొంగు నెత్తి మీదికి లాక్కున్నాను. మేడం మాత్రం నవ్వలేదు.

"మేం కొలిచేదే సేంద్రియ కర్బనం. గది నువ్వే కాల్చేసినవ్ గద చెల్లె. కుళ్లిన ఆకు, యేరు, పేడల ఉండేది గదే. మట్టిల కంటికి కనపడని జీవాలుంటయి, గది తిని బతుకుతయి. నేల వేడెక్కితె, తడి గుడ ఉంటె, జల్ది జల్ది తింటయి. కర్బనం గాలిల కలిసి ఎండను ఇంకింత పెంచుతది. మనం మళ్ల ఆకు, కట్టె ఎయ్యకపోతె నేల ఖాళీ అయితది. తీరు వేరే గని, నీ పెంక ఒక్క పూటల చేసింది ఎండకాలాలు మెల్లగ చేస్తున్నయి."

కాయితం రాదని తేలిపోయింది. తిరుగు బస్సులో ఒక అబద్ధం తయారుచేసుకున్నాను, 'రిపోర్టు తర్వాత పంపుతారట' అని. రాజురా దాటాక, అది బయటపడితే మామయ్య ఇంక నా మాటేదీ నమ్మరని, వద్దనుకున్నాను.

ఇంటికి చేరేసరికి నాలుగున్నర. మామయ్య ఎదుట పడి నేనెన్నడూ మాట్లాడలేదు. అత్తయ్య చూస్తుండగానే చెప్పాను.

"కాయితం లేదు మామా. మట్టిని పెంక మీద ఏంచి నేనే ఖరాబు చేసిన. చేన్ల కట్టె కాలిస్తె గుడ గంతే అయితది. మళ్ల మట్టి పంపెదాక అగ్గి వెట్టకుండ్రి."

"మరి పురుగు?"

"కట్టెను యంత్రంల ఏసి తునకలు జేసి కలిపితె పురుగు గుడ సస్తదట, మేడం చెప్పింది."

ఆయన చుట్టను వెలిగించకుండానే పక్కన పెట్టారు. "రెండెకరాలు నీ మాట. కడమది నేను కాలుస్త" అన్నారు.

శనివారం మిగతా చేలో కట్టె కాలింది. పొగ మా వాకిట్లోకి వచ్చింది. నా రెండెకరాల్లో కట్టె తునకలై మట్టిలో కలిసింది. ఒక్క ఏడాదిలో నేల మారదని నాకు తెలుసు. వేడి తీసుకుపోయేదాన్ని ఏటా కొంతైనా తిరిగి వేస్తే నేల మిగులుతుందని మాత్రం ఇప్పుడు గట్టిగా చెప్పగలను, ఎవరి ముందైనా.

మీరు మట్టి పరీక్షకు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: మట్టిని నీడలో, కాగితం పరిచి ఆరబెట్టండి, పొయ్యి దగ్గరికి తేవద్దు. రెండోసారి మట్టి మామయ్యే తవ్వి తెచ్చారు. అరుగు మీద ఆరబోసి, కోళ్లు కెలకకుండా రెండు రోజులు దాని పక్కనే కూర్చున్నారు.