మైకులో నా కేక

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. మేము ఎల్లారెడ్డి శివారులో, పంటల పరిశోధన కేంద్రం గోడ పక్కనే ఉండేవాళ్లం. జొన్నచేలపై వాలే చిలకలను బెదరగొట్టడానికి వాళ్లు పగలంతా, గుండు లేకుండా ఉత్త చప్పుడే చేసే గ్యాసు తుపాకీ పేల్చేవాళ్లు. ఆ చప్పుడుకు నెలల పిల్ల అయిన మా పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చేది.

ఒకరోజు కేంద్రం వాళ్లు మా ఇబ్బందులు వినడానికి చుట్టుపక్కల ఇండ్లవాళ్లను మీటింగుకు పిలిచారు. "పిల్లతల్లివి, నువ్వే చెప్పు బిడ్డా" అంటూ మా అత్తమ్మ నన్ను మైకు ముందుకు తోసింది. నోరు తెరిచానో లేదో, బయట తుపాకీ ఢామ్మని పేలింది. "ఓ అవ్వో!" అని మైకులోనే అరిచేశాను. హాలంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

తీరా చూస్తే కేంద్రం పెద్దసారు చొక్కా నిండా చాయ్! ఆయన తుడుచుకుంటూ, "నాకే గుండె జారింది. ఇగ పసిపిల్ల ఎట్ల పండుకుంటది తల్లీ?" అన్నారు.

"మధ్యాహ్నం జరసేపు బంద్ పెట్టుండ్రి సారూ" అంది అత్తమ్మ.

ఆయన సరేనన్నారు. తుపాకీని అవతలి గట్టుకు మార్చారు. మధ్యాహ్నం వేళ పిట్టలు తోలే పని మా వాడ ఆడవాళ్లకే ఇచ్చారు. అత్తమ్మ కూడా వెళ్లేది, పాప హాయిగా నిద్రపోయేది.

ఆ రోజు నేను ఒక్క మాటా సరిగ్గా చెప్పలేదు. అయినా నా బాధ అందరికీ అర్థమైంది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి.