మార్తక్క బండికి రెండు లైట్లు

హనుమకొండలో మా సందు మొదట్లో ఈ మధ్య ఒక మెకానిక్ షెడ్డు వెలిసింది. మొన్న పొద్దున పాల కోసం వెళుతుంటే అక్కడ ఎవరిదో పాత మోటారు సైకిల్ ట్యాంకు విప్పుతున్నారు. పెట్రోలు వాసన గుప్పుమంది. నా వయసు ఆడవాళ్లకు ఏ మల్లెపూల వాసనకో పాత రోజులు గుర్తుకు రావాలి. నాకేమో పెట్రోలు వాసనకు ములుగు గుర్తొస్తుంది, ములుగుతో పాటు మార్తక్క గుర్తొస్తుంది. ఏం చేయను, నా రాత అలా ఉంది. ఖాళీ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మెకానిక్ "ఏం గావాలె అమ్మా?" అని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి కదిలాను.

డెబ్బైల చివర్లో నర్సు చదువు ముగించి ములుగులో ఒక చిన్న మిషన్ దవాఖానాలో చేరాను. రెండు గదులు, ఒక వరండా, వెనక కాస్త ఖాళీ జాగా, అంతే. వరంగల్‌లో ఉన్న మా పెద్దాసుపత్రి వాళ్లు దాన్ని నడిపేవారు. నడిపేవారని కాగితాల మీద ఉండేది కానీ నిజంగా నడిపింది మార్తక్కే. అక్కడి పెద్ద నర్సు, నలభై దాటిన మనిషి, పొడగరి, పెళ్లి చేసుకోలేదు. తండ్రి డోర్నకల్‌లో రైలింజన్ల ఫిట్టరు. ఇంట్లో మగపిల్లలు లేకపోవడంతో పానా పట్టడం ఈమెకే నేర్పాడు. అడవి పల్లెల్లో కాన్పులు చేయడానికి దవాఖానా ఇచ్చిన మోటారు సైకిల్‌ను, తెల్లచీర కింద ఖాకీ ప్యాంటు తొడుక్కుని ఆమే నడిపేది. మొదట్లో ములుగు బజారంతా పనులు మానుకుని చూసేదట. నేను వచ్చేసరికి చూసి చూసి విసిగిపోయినట్టున్నారు, ఎవరూ తలెత్తేవారు కాదు. మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక సీటు మీద నేను కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం ఏటూరునాగారం వైపు నుంచి తిరిగి వస్తున్నాం. మా బండికున్న ఒక్క లైటు గుడ్డిదీపం కంటే కొంచెం మెరుగు. మలుపు తిరగ్గానే లాంతరు కట్టని, వెదురు నింపిన ఎడ్లబండి ఎదురైంది. తప్పించబోయి ఇద్దరం గుంతలో పడ్డాం. నాకేమీ కాలేదు, మార్తక్క మోచేయి మాత్రం చెక్కుకుపోయింది. సంగతి వరంగల్ చేరింది. చీకటి పడ్డాక బండి గేటు దాటకూడదని, దాటితే బండిని వెనక్కి తెప్పించుకుంటానని పెద్ద డాక్టరుగారు కబురు పంపారు. ఆయనది తప్పని ఇప్పటికీ అనను. మా ప్రాణాల మీద బెంగతోనే ఆ మాట అన్నారు. కానీ పల్లెల నుంచి మాకు పిలుపు వచ్చేదే పొద్దు వాలేటప్పుడు. పగలంతా ఇంటి దగ్గర చూసి, ఇక తమ వల్ల కాదనుకున్నాకే మనిషిని పంపేవారు. చీకట్లో వెళ్లకపోతే మేమిద్దరం ఆ ఊళ్లకు ఉన్నా లేనట్టే.

"పిల్లలు పొద్దు జూసుకొని పుడ్తరా?" అంది మార్తక్క. మర్నాడు వరంగల్ బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి రెండు గుండ్రటి లైట్లూ ఒక వైరు చుట్టా పట్టుకుని దిగింది. "మంచి ఎల్తురుంటే బండి తియ్యనిస్తడట. వచ్చే వారం తానే వచ్చి సూస్తడట. సూడనీ" అంది. ఆ "సూడనీ" అన్నప్పుడు ఆమె ముఖం చూస్తే పెద్ద డాక్టరుగారి మీద నాకు జాలేసింది.

బిగించడం ఎవరితో? ములుగులో అప్పుడు సైకిళ్లు బాగుచేసేవాళ్లే గాని బండ్లు చేసేవాళ్లు లేరు. ముందున్న లైట్ల నుంచి సీటు కిందున్న బ్యాటరీ దాకా వైరు లాగాలంటే ట్యాంకు కిందుగా పోవాలి. అంటే ట్యాంకు విప్పాలి. శనివారం పొద్దున్నే బండిని వెనక ఖాళీ జాగాలోకి తోసింది. గదిలో నీడ ఉంటుంది కదా అన్నాను. "నాలుగు గోడల నడుమ ఈ పని జెయ్యొద్దు సుగుణా. పెట్రోల్ ఆవిరి కండ్లకు కనవడది, నేలవట్టి పాకుతది" అంది. ఇంజిన్ చల్లగా ఉందో లేదో అరచేత్తో తాకి చూసింది. ముందు బ్యాటరీ వైరు ఊడదీసింది. తర్వాత ట్యాప్ కట్టేసి పైపు లాగి, మళ్లీ ట్యాప్ తిప్పి ట్యాంకులోని పెట్రోలంతా రేకు డబ్బాలోకి దించి, మూత బిగించి, ఆ డబ్బాను దూరంగా గోడ అవతల పెట్టించింది. సీటు తీసి, బోల్టులు విప్పి, ట్యాంకును వెనక వైపు కాస్త లేపి మెల్లగా జరిపింది. దేనికీ తొందరపడలేదు. పసిబిడ్డను ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నట్టు ట్యాంకును చేతుల్లోకి తీసుకుంది.

సరిగ్గా అప్పుడే గోడ మలుపు దగ్గర కొమురయ్య కనిపించాడు. కొమురయ్య మా వాచ్‌మన్. బండికి కొత్త సామాను బిగిస్తున్నారని తెలిసి ఊరుకుంటాడా? పళ్లెంలో కొబ్బరికాయ, కుంకుమ, వాటి మధ్య వెలిగించిన కర్పూరం. గాలికి ఆరకుండా అరచెయ్యి అడ్డుపెట్టుకుని, భక్తిగా, నేరుగా మా మీదికే వస్తున్నాడు.

"కొమురన్నా! అక్కడ్నే ఆగు!"

ఆ గొంతుకు కొమురయ్యే కాదు, నేనూ బిగుసుకుపోయాను. మార్తక్క లేవలేదు, పరుగెత్తలేదు. "అట్లనే ఎనుకకు మళ్లి, రోడ్డు మీదికి పో. అక్కడ కర్పూరం ఆరినంక రా" అంది. అతను వెళ్లి, ఆర్పేసి, చిన్నబోయిన ముఖంతో తిరిగొచ్చాడు. "మంచి జరగాల్నని తెచ్చిన అమ్మా. అయినా ట్యాంకు ఖాళీదే గద?" అన్నాడు. "ఖాళీదానికే ఎక్కువ భయపడాలె అన్నా. నిండున్నది కాలుతది, ఖాళీది పేలుతది. లోపలంత ఆవిరే ఉంటది" అని, వెంటనే, "నీ హారతి నాకు గావాలె. ట్యాంకు ఎక్కినంక, బండి మొత్తం కట్టినంక. నువ్వు మొక్కకుంట ఈ బండి గేటు దాటది, సరేనా?" అంది. కొమురయ్య ముఖం విప్పారింది. మిషన్ దవాఖానాలో మార్తక్క నోట హారతి మాట వినడం నాకూ అదే మొదలు.

మధ్యాహ్నానికి వైర్లు సగం లాగింది. అప్పుడొచ్చాడు సమ్మయ్య, అడవిలో ఒక గూడెం మనిషి, సైకిలు తొక్కీ తొక్కీ ఒళ్లంతా చెమటతో. భార్యకు రాత్రి నుంచి నొప్పులు, తొలి కాన్పు. బండి వైపు చూశాడు. బండి అస్థిపంజరంలా ఉంది. అతను అక్కడే కూలబడ్డాడు.

"గబగబ కట్టుకొని పొండ్రి అమ్మా, లైట్లు రేపు జూసుకోవచ్చు" అన్నాడు కొమురయ్య. నేనూ అదే అనబోయాను. మార్తక్క పెట్రోలు పైపు చివర మాకు చూపించింది. పగుళ్లు తేలి ఉంది. "ఇది కోసి తొడగాలె. చుక్క కారుతలేదని సూడాలె. కింద ఇంజిన్ కాలుతుంటది, మీద పెట్రోల్ ఉంటది. ఆగమాగం పోయి తొవ్వల మనమే అంటుకుంటే ఆ పిల్లకు దిక్కెవలు?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "బస్సు వచ్చే యాళ్లయింది. పెట్టె తీస్కొని నువ్వు సమ్మయ్యతోని పో."

"నేనొక్కదాన్నే ఎప్పుడు చెయ్యలేదక్కా."

"ఇయ్యాల చేస్తవ్. నేను ఎనుకనే వస్త."

బస్సులో దారిపొడుగునా ఆమె మీద కోపంతో రగిలిపోయాను. ఒక బండి కోసం నన్ను ఇలా తోసేసిందని, ఆ పిల్లకు ఏమైనా అయితే జీవితాంతం ఆమె ముఖం చూడనని అనుకున్నాను. రోడ్డు మీద దిగి సమ్మయ్య వెంట టేకు చెట్ల మధ్య నడుస్తుంటే కోపం పోయి, భయం ఒక్కటే మిగిలింది.

గుడిసెలో ఆ పిల్ల నా కంటే చిన్నది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పొద్దుగూకే వేళకు మగబిడ్డ పుట్టాడు. వెంటనే ఏడవలేదు. నోరు తుడిచి, వీపు రుద్దితే కెవ్వుమన్నాడు. కానీ మాయ ఇంకా పడలేదు. అత్తగారు తన జుట్టు పాయ ఒకటి చుట్టి, కోడలి నోట్లో కుక్కడానికి ముందుకొచ్చింది. వాంతి వచ్చినట్టై మాయ పడిపోతుందని వాళ్ల నమ్మకం. ఇంకొకామె బొడ్డుతాడు పట్టుకుని లాగబోయింది.

"అవ్వా! అక్కడ్నే ఆగు!"

అరిచింది నేనే. "ఎవ్వలు లాగొద్దు. జరసేపు చూద్దాం. నేనున్న గద" అన్నాను. అలా అనడానికి నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పొట్ట మీద చెయ్యి ఉంచి, రక్తం చూసుకుంటూ కూర్చున్నాను. మాయ తనంతట తానే పడింది. చిరగలేదు, మొత్తం ఉంది. పొట్ట గట్టిపడింది, ఇక రక్తస్రావం భయం లేదు.

అప్పుడు వెదురు తడికె సందుల్లోంచి గుడిసె నిండా వెలుగు చారలు పడ్డాయి. తర్వాత బండి చప్పుడు. పిల్లలు కేకలేస్తూ బయటికి పరుగెత్తారు. రెండు కొత్త లైట్ల నెత్తిన కొమురయ్య పెట్టిన కుంకుమ బొట్లు.

మార్తక్క గుమ్మం దగ్గర ఆగింది. చేతుల నిండా మసి. లోపలికి తొంగి కూడా చూడలేదు. "సుగుణా, నేను లోపలికి రావాల్నా?" అంది.

తల్లి వైపు మరోసారి చూశాను. రక్తం, నాడి, పొట్ట. "అవసరం లేదక్కా" అన్నాను.

"అయితే బయట కూసుంట" అని వెళ్లి మగవాళ్లతో పాటు మంచం మీద కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

పెద్ద డాక్టరుగారు అన్నట్టే వచ్చారు, లైట్లు వేయించి చూశారు, రాత్రి బండి తీయొచ్చని చెప్పి వెళ్లిపోయారు. బండి ములుగులోనే ఉండిపోయింది. మార్తక్క పోయి చాలా ఏళ్లయింది. నేను ఎందరో ఆడపిల్లలకు కాన్పులు చేయడం నేర్పి రిటైరయ్యాను. ఒక్కో పిల్ల తొలిసారి ఒంటరిగా లోపలున్నప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడి అదే ప్రశ్న అడిగేదాన్ని. అడిగినప్పుడల్లా కాళ్లు లోపలికి లాగేవి. జవాబు వచ్చే దాకా ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుని నిలబడేదాన్ని. ఆ రోజు మార్తక్క బయట ఆగడానికి ఎంత కష్టపడిందో నాకు అప్పుడు తెలిసింది.