మద్రాసు డాక్టరు అడిగిన మఱది

కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ముగ్గురు మగాళ్ళను చేలో కోత, కొలువు, కాలేజీ మాన్పించి మద్రాసు రైలెక్కించి, ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతున్న మామగారికి కడచూపులు ఏర్పాటు చేసిన కోడలిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. ఇంత పనీ ఒకే ఒక్క మాటతో చేశాను. ఆ మాట కూడా నాది కాదు, అరవంలోది.

అరవైల నాటి సంగతి. అల్లూరు పక్క పల్లెకు నేను కొత్తగా కాపరానికి వచ్చాను. మా పుట్టిల్లు సూళ్ళూరుపేట. అక్కడ మా వీధిలోకి కూరగాయలు తెచ్చే ఆవిడ అరవావిడ. ఆవిడతో వంకాయలు బేరమాడీ ఆడీ, టూరింగు టాకీసులో అరవ సినిమాలు చూసీ చూసీ నాకు అరవం వచ్చేసిందని గట్టి నమ్మకం. పెళ్ళిచూపుల్లో పాట పాడమంటే, "పాట రాదండీ, అరవం వచ్చు" అన్నాను. ఇంకెవరైనా అయితే లేచి వెళ్ళిపోయేవాళ్ళే. మా మామగారు మాత్రం, "పోన్లే, మన ఇంట్లో ఒక్కరికీ రాదు, పనికొస్తుంది" అని అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. ఆయన అంత మంచివాడు. అత్తమ్మ చూడకుండా నన్ను రెండోసారి కాఫీ పెట్టుకోమని సైగ చేసే మామ ఎంతమందికి ఉంటాడు చెప్పండి? ఆయనంటే నాకు ప్రాణం.

అలాంటి మనిషిలో ఉన్నట్టుండి తేడా వచ్చింది. కుడిచేతిలోని మజ్జిగ గ్లాసు ఊరికే జారిపోయేది. "అమ్మాయ్, ఎడమ కంటికి ఎవరో తెర దించినట్టుండాదే" అనేవాడు. నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికి, "ఇప్పుడు తేటగా కనపడతా ఉండాదిలే" అనేవాడు. ఒకరోజు తన చేని గట్టు మీదే నిలబడి, "పైరు బాగుండాదే, ఎవరిదిది?" అని అడిగాడు. కూలీలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇవాళ చేను మరిచిపోయినవాడు రేపు మమ్మల్ని మరిచిపోతే?

నెల్లూరులో చూపిస్తే అక్కడి డాక్టరు మద్రాసు తీసుకెళ్ళమన్నాడు. మావారికి అరవమంటే బెరుకు, ఇంగ్లీషంటే భయం. ఇంకేముంది, అందరూ నావైపు చూశారు. నేనూ అదే అదనుగా కొత్త చీర కట్టాను.

డాక్టరు గది ముందు మామగారికి ఆజ్ఞలు జారీ చేశాను.

"మామా, లోపల మీరు నోరు మెదపబాకండి. తెలుగులో ఏమన్నా అంటిరా, పల్లెటూరోళ్ళని చులకన చేస్తారు. అంతా నేను చూసుకుంటా."

"అట్నేలేమ్మా."

డాక్టరుకు నుదుట విభూతి రేఖలున్నాయి. చూడగానే అరవాయనే అని తేల్చేసి, "వణక్కం సార్!" అని గట్టిగా ఒక దండం పెట్టాను. ఆయన మొహం వికసించి అరవంలో మొదలుపెట్టాడు. మామగారి గుండె మీద పెట్టాల్సిన గొట్టాన్ని మెడ మీద పెట్టి, తల వంచి చాలాసేపు విన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "మఱది ఇరుక్కామ్మా?" అన్నాడు. ఇరుక్కా అంటే ఉందా అని నాకు తెలుసు.

మా ఇళ్ళల్లో మొగుడి తమ్ముణ్ణి మరది అంటాం. జబ్బు చూసేవాడికి నా మరదులతో ఏం పని అని మీకు అనుమానం వచ్చింది కదా? నాకు రాలేదు. పెద్ద డాక్టర్లు ఇంటి వివరాలన్నీ అడుగుతారు కాబోలనుకున్నాను.

"ఇరుక్కు సార్, మూణు" అని మూడు వేళ్ళు చూపించాను.

"మూణా?" డాక్టరు కలం ఆగిపోయింది. "ఎప్పడిమ్మా?"

ఎలాగని అడిగితే ఏం చెప్పను? మా అత్తమ్మ కన్నది కాబట్టి. అంత అరవం నా దగ్గర లేక, ఒకటి పెద్దది, ఒకటి నడిమిది, ఒకటి చిన్నది అని చేత్తో ఎత్తులు చూపించాను.

ఎప్పటినుంచి ఉందన్నాడు. నా పెళ్ళయినప్పటినుంచీ అన్నాను. ఎప్పుడెప్పుడు వస్తుందన్నాడు. పెద్ద మరది రమణయ్య గూడూరులో కొలువు చేస్తూ ప్రతి శనివారం సాయంత్రం బస్సులో ఇంటికొస్తాడు. అందుకని, "శనిక్కిళమె సాయంగాలం, బస్సులె" అన్నాను. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మామగారు నేను చెప్పినట్టే పెదవి కదపకుండా కూర్చున్నాడు, పాపం.

చివరికి డాక్టరు చీటీ రాసిచ్చి, చుట్ట మాన్పించమని, మెడలో రత్తక్ కుళాయ్ సన్నబడిందని చెప్పి, లేస్తూ లేస్తూ, "మఱది జాస్తియానా ఉడనే కూట్టిట్టు వాంగ" అన్నాడు. జాస్తి అంటే నాకు తెలుసు, ఉడనే అంటే వెంటనే అనీ తెలుసు, కూట్టిట్టు అంటే వెంటబెట్టుకుని అనీ తెలుసు. మూడు మాటలు తెలిసినదానికి నాలుగోది తెలియకుండా ఉంటుందా? మరదులు జాస్తిగా ఉన్నారు, వెంటనే వెంటబెట్టుకుని రండి!

వరండాలో మామగారికి ఉన్నదున్నట్టు అప్పజెప్పాను.

"చిన్న కొడుకులు ముగ్గుర్నీ తీసుకురమ్మన్నాడా?"

"ముగ్గుర్నీ మామా. వెంటనే అన్నాడు."

"సరేలేమ్మా" అన్నాడు మెల్లిగా. "ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందే గదా."

అప్పుడు తట్టింది నాకు ఆ పిలుపులోని అర్థం. రైల్లో దారి పొడుగునా కిటికీవైపు తిరిగి కళ్ళొత్తుకుంటూనే ఉన్నాను.

ఇల్లు చేరగానే అత్తమ్మ ఎదురొచ్చింది.

"ఏమన్నాడే డాక్టరు?"

"మామ మెడలో రక్తం కొళాయి సన్నబడిందంట అత్తమ్మా."

"మెడలో కొళాయేందే? మన ఊళ్ళోనే కొళాయి లేదు గదా!"

కొడుకుల సంగతి చెప్పేసరికి ఆవిడ గడపలోనే కూలబడింది. మావారి బాధ వేరు. "నేను గదా పెద్దకొడుకుని! తమ్ముళ్ళని రమ్మని నన్ను వొద్దన్నాడా?" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "మొగుడు అనే మాట ఆయన అనలేదండీ, మరది అనే అన్నాడు" అని నేను మాట పొల్లు పోకుండా చెప్పాను. పొలం చూసుకునే నడిమి మరది పెంచలయ్య కొడవలి చూరులో గుచ్చేశాడు. గూడూరులో రమణయ్యకు, నెల్లూరు కాలేజీలో ఉన్న చిన్నవాడు శీనయ్యకు టెలిగ్రాములు వెళ్ళాయి. ఇద్దరూ ఏడుస్తూ దిగారు.

బయల్దేరే ముందు మామగారు అత్తమ్మ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"ఎప్పుడన్నా నీమీద కేకలేసుంటే మనసులో పెట్టుకోబాకు."

"నువ్వెప్పుడు కేకలేసినావయ్యా?" అందావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"ఏమో, నాకు గుర్తులేదు. వేసుంటే."

అది విని ఇంట్లో ఏడవనివాళ్ళు లేరు. వంటింట్లోకి పోయి నేనూ ఏడ్చాను. ఆ ఏడుపంతా నేను తెచ్చిపెట్టిందేనని అప్పటికి నాకు తెలియదు మరి.

రైల్లో ఇంకో గొడవ. కడచూపులకైతే పెద్దన్నను వద్దనడు, కుర్రాళ్ళ రక్తం ఎక్కించడానికే పిలిచుంటాడని రమణయ్య తేల్చాడు. "నాది తీసుకోమను, నాది మంచి రక్తం" అని పెంచలయ్య చొక్కా చేతులు మడిచాడు. శీనయ్య మాత్రం నా పక్కకు జరిగి, "వొదినా, సూది ఎంత పొడుగుంటాది?" అని గుసగుసగా అడిగాడు. నేను బెత్తెడు చూపించాను. వాడు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

డాక్టరు గదిలోకి ఐదుగురం ఊరేగింపులా నడిచాం. మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ముగ్గుర్నీ గోడవారగా వరసగా నిలబెట్టాను. డాక్టరు తలెత్తి చూశాడు.

"ఇవంగ ఎల్లాం యారు?" అన్నాడు, వీళ్ళంతా ఎవరని.

"మఱది సార్! మూణు!" అన్నాను, బాధలో కూడా కాస్త గర్వంగానే. పెద్దది, నడిమిది, చిన్నది అన్నట్టు ఒక్కొక్కరినీ వేలెత్తి చూపించాను.

డాక్టరు వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ వాళ్ళను చూశాడు. ఇంతలో ఆయన చెయ్యి బల్ల మీద దేనికోసమో కదిలింది. అది సూదికే అనుకున్నాడు శీనయ్య.

"నాయనో! నన్ను పొడిస్తే నేను పడిపోతా వొదినా!" అని కేక పెట్టి, పొడవకముందే పడిపోయాడు.

డాక్టరు దిగ్గున లేచాడు. "మీరు తెలుగోళ్ళా?"

"అవును సార్, అల్లూరు దగ్గర" అన్నాడు పెంచలయ్య, తమ్ముడి మొహాన నీళ్ళు చల్లుతూ.

"ఓరి నాయనో! నేను గూడూరోణ్ణి గదయ్యా!" డాక్టరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఈ అమ్మాయి రాంగానే వణక్కం అనె. అరవోళ్ళేమో అనుకుంటి. పెద్దాయన ఒక్క మాట మాట్లాడకపోతే మాట కూడా పడిపోయిందని రాసుకున్నానే!"

"మరి మరదుల్ని తెమ్మన్నారు గదండీ?" అన్నాను, నా గొంతు నాకే వినపడకుండా.

"అమ్మా తల్లీ! అరవంలో మఱది అంటే మతిమరుపు! మతిమరుపు ఎక్కువైతే వెంటనే తీసుకురమ్మన్నా. నువ్వేమో మూడుండాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, శనివారం సాయంత్రం బస్సులో వస్తుందంటివి. ఇదేం జబ్బురా అని నేను పుస్తకాలన్నీ తిరగేసినాను గదా!"

రమణయ్య గోడకేసి తిరిగి భుజాలు కదుపుతూ నవ్వుతున్నాడు. పెంచలయ్యకు కోత గుర్తొచ్చి మొహం ఎర్రబడింది. నాకా? ఆ బల్ల కిందకు దూరి మళ్ళీ బయటికి రాకూడదనిపించింది. మామగారు మాత్రం కుర్చీలో ముందుకు జరిగి మొదటిసారి నోరు తెరిచాడు.

"అయితే నేను ఇప్పుడే పోవడంలేదా అయ్యా?"

"ఎవరన్నారు? నా మాట వింటే ఇంకా ఎన్నో కోతలు చూస్తావు" అని డాక్టరు కుర్చీ ఆయన పక్కకు లాక్కున్నాడు. "పెద్దాయనా, నీది కాలవ చివర పొలమా?"

"చివరాఖరుదే."

"కాలవ పూడిపోతే ముందు ఎండేది ఎవరి చేను?"

"నాదే గదయ్యా."

"ఇదీ అంతే. మెడలో రెండు పక్కలా మెదడుకు రక్తం పోయే నాళాలుంటాయి. నీకు ఎడమపక్కది లోపల గార కట్టి సన్నబడింది. పారుదల తగ్గినప్పుడల్లా కంటికి తెర పడతాది, చేతిలో గ్లాసు పడతాది, మాట గుర్తు రాదు. కాసేపటికి పారితే మళ్ళీ తేరుకుంటావు. పూర్తిగా అడ్డం పడిందనుకో, ఆ మడి చచ్చిపోతాది. చేలో అయితే మళ్ళీ నారు పోస్తావు, మెదడులో పోసేదానికి నారు లేదు. అందుకే చుట్ట వొద్దు, ఉప్పు తగ్గించు, మాత్ర మానొద్దు, క్షవరం చేసే ఆయన్ని మెడ విరవనియ్యొద్దు."

మామగారు జేబులోంచి చుట్టల కట్ట తీసి బల్ల మీద పెట్టేశాడు. ఆ పెట్టడం పెట్టడం మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు, చాలా ఏళ్ళు మా మధ్యనే తిరిగాడు.

"ఇప్పుడు నువ్వే చెప్పు" అన్నాడు డాక్టరు కలం తీసుకుని. "మతిమరుపు బాగా ఉండాదా?"

"అంతగా ఏం లేదయ్యా." మామగారు డాక్టరువైపు వంగి, "మీరు తెలుగోళ్ళని నాకు ఆ పొద్దే తెలుసు" అన్నాడు.

గదిలో అందరం ఆయనవైపు తిరిగాం.

"నా మెడ కాడ గొట్టం పెట్టి వింటా, 'అయ్యో పాపం, పూడిపోయినట్టుండాదే' అని గొణుక్కోలా? నా చెవిలో పడింది."

"మామా!" నాకు ఏడుపొక్కటే తక్కువ. "మరి నాకెందుకు చెప్పలేదు?"

"లోపల నోరు మెదపబాకండి అంటివి గదమ్మా. బయటికి రాంగానే చెబుదామనుకున్నా."

"మరి?"

"గుమ్మం దాటేలోపల మరిచిపోయినా."

డాక్టరు కలం కింద పెట్టి నావైపు తిరిగాడు.

"చూడమ్మాయ్, నేనడిగిన మఱది ఇదీ!"

ఆ ఆసుపత్రి వరండాలోనే, ముగ్గురు మరదుల సాక్షిగా కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా జబ్బు మనిషి నోరు నేను ముయ్యను. నా నోరు తెరిస్తే మొదటి మాట తెలుగే, ఎదురుగా కూర్చున్నది సీమ నుంచి దిగిన దొరైనా సరే.