అన్నీ సున్నాలే

కోవిడ్ సద్దుమణిగాక నా చివరి పోస్టింగు పంజాగుట్టలోని ఒక ఆసుపత్రి స్త్రీల విభాగంలో. హోదా సీనియర్ క్లినికల్ సైకాలజిస్టు. గది మాత్రం స్టోరు రూము పక్కది. గర్భాశయ ముఖద్వారం పరీక్షలో తేడా కనిపించిన స్త్రీలలో ఆందోళన, కుంగుబాటు ఎంతున్నాయో కొలవడం నా పని. తేడా అంటే క్యాన్సర్ అని కాదు. చాలామంది చెవికెక్కేది మాత్రం ఆ మాటే. పద్నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. వాటి మొత్తం ఒక గీత దాటితే మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. బడిలో సున్నా వస్తే వీపు విమానం మోత మోగేది. ఇక్కడ సున్నాయే ఫస్టు ర్యాంకు.

ఒక ఆషాఢంలో యాదమ్మ వచ్చింది. పేరు మార్చాను. అమీర్‌పేటలో జాకెట్లు కుడుతుంది, ఇల్లు బల్కంపేట. "నాకేం ఫికర్ లేదు మేడమ్" అంటూ అన్నిటికీ సున్నాలే చెప్పింది. సంతోషించి, కాల్పోస్కోపీకి, అంటే ఆ భాగాన్ని పెద్దదిగా చూపే అద్దంతో చూసి అవసరమైతే చిన్న ముక్క తీసే పరీక్షకు, సోమవారం రమ్మన్నాను. రానంది.

"ముక్క తీస్తే నెత్తురు పోతదట గదా. గట్లైతే ఎల్లమ్మకు బోనమెట్ల ఎత్తాలె? ఎత్తకుంటే ఇంట్ల ఏమైందని అడుగుతరు. ఎవ్వలకు చెప్పలే మేడమ్."

ఫికర్ లేని మనిషి గొంతు కాదది. నాకు భయం వేసింది. ఇలా ఒకసారి తప్పుకున్నవాళ్ళు మళ్ళీ గడప తొక్కడం అరుదు. అలాగని బోనం మానుకోమనడానికి నేనెవరిని? గైనకాలజిస్టు గారిని అడిగితే, రిపోర్టు చూసి, ఈమె విషయంలో పండుగ దాటేదాకా ఆగినా ఫరవాలేదన్నారు. తేదీ మార్చాను. ఆమె అనుమతి లేకుండా ఇంటికి ఎవరూ ఫోను చేయరని కూడా చెప్పాను.

పండుగ వెళ్ళగానే వచ్చింది. పాదాలకు పసుపు ఇంకా వదల్లేదు. పరీక్షకు ముందు మళ్ళీ అవే ప్రశ్నలు అడిగితే ఈసారి మార్కులు గీత దాటాయి.

"మొన్న నిజం చెప్తే ఇంటికి ఫోన్ చేస్తరనుకున్న" అంది.

ఆ పెద్ద అంకె చూసి నా ప్రాణం కుదుటపడింది. మానసిక వైద్యుడికి చీటీ రాశాను. తీసిన ముక్కలో తేలికపాటి మార్పే తేలింది. ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ప్రశ్నలు మొదలుపెట్టేముందు ఇంట్లో ఎవరికి చెప్పారని అడిగేదాన్ని. ఎవరికీ చెప్పలేదంటే, ఆ మనిషి సున్నాలను లెక్కలోకి తీసుకునేదాన్ని కాదు.