పసుపు తెరను అప్పగించిన మధ్యాహ్నం

నిన్న తుక్కుగూడ నుంచి విమానాశ్రయం వైపు వస్తుంటే కారులో ఇంజన్ దీపం పసుపుగా వెలిగింది. డ్రైవరు దాని మీద చిన్న స్టిక్కరు అంటించి, "గట్లనే వెలుగుతది సార్, ఏం కాదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కంప్యూటర్ గదుల్లో ఉద్యోగాలు మొదలుపెట్టిన నా తోటివారికి ఎందుకో చెప్పనక్కరలేదు.

శంషాబాద్‌లో ఒక సరుకు రవాణా కంపెనీ సర్వర్ గదిలో నేను చేరిన రోజుల మాట. ఒక్కో పెద్ద యంత్రంలో సాఫ్ట్‌వేరుతో సృష్టించిన పదుల కొద్దీ వర్చువల్ యంత్రాలు నడిచేవి. వాటన్నిటినీ కనిపెట్టుకుని ఒక మేనేజ్‌మెంట్ సర్వర్ ఉండేది. దాని ఆరోగ్యం బాగుంటే తెర మీద పచ్చరంగు, నలత చేస్తే పసుపు, పడిపోయే ముందు ఎరుపు. షిఫ్టు మారేటప్పుడు పచ్చ తెరనే అప్పగించాలన్నది మా ఆచారం. పసుపు కనబడితే, అలర్టును కొట్టేసే బటన్ ఒకటి నొక్కి, టిఫిన్ డబ్బా సర్దుకునేవారు. మా ఇంటివాళ్లం ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లకు దొరలం. నేను ఉద్యోగంలో చేరేనాటికి కోటలాంటి మా గడీ గోడలు కూడా మిగల్లేదు. చుట్టాలు వస్తున్నారంటే తాత ఆ గోడల బీటలకు సున్నం కొట్టించేవాడు. ఒక వానాకాలం అవి సున్నంతో సహా కూలాయి. అందుకే నేను ఆ బటన్ ముట్టేవాణ్ణి కాదు. దొరవారి వేలు అరుగుతదేమోనని తోటివారు ఎకసెక్కాలాడేవారు.

బడంగ్‌పేట్ నుంచి వచ్చే ఒకామె, నన్ను అన్నా అని పిలిచేది, పొద్దుటి షిఫ్టులో ఉండేది. ఆమె జీతమే ఇంటికి ఆధారం. ఆ నెలాఖరుకు ఉద్యోగం పర్మనెంటు కావాలి. ఆలోగా షిఫ్టులో ఒక్క మచ్చ పడినా ఇంటికే అని మేనేజరు ముందే చెప్పాడు. ఆ మధ్యాహ్నం నేను డ్యూటీకి వచ్చేసరికి తెర పసుపుగా ఉంది, ఆమె లేవకుండా కూర్చుని ఉంది.

"నొక్కితే పచ్చగైతది అన్నా. కానీ ఎన్నిసార్లు నొక్కినా మల్ల వస్తున్నది, లోపల ఏందో ఉంది. జర గిట్లనే తీసుకుంటవా?"

పసుపు తెర తీసుకున్న క్షణం నుంచి రికార్డులో ఆ మచ్చ తీసుకున్నవాడిది. వెనక నుంచి ఒకడు, "తీసుకోకు దొరా, మునుగుతవ్" అన్నాడు. మునగడం మా వంశానికి కొత్త కాదని చెప్పి కుర్చీ లాక్కున్నాను.

ఆమె కంపెనీ బస్సు వదులుకుని నా పక్కనే ఉండిపోయింది. ఆ సర్వర్‌లో నడిచే సర్వీసులు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాం, అన్నీ నడుస్తున్నాయి. చివరకు డిస్కు చూస్తే యంత్రాలు రోజూ రాసుకునే చిట్టాలతో, పాత లాగ్ ఫైళ్లతో పీకల దాకా నిండి ఉంది. వాటిని తుడిచే ప్రోగ్రాం ఎప్పుడో ఆగిపోయింది, మిగతావాళ్లంతా బటన్ నొక్కి పచ్చ తెరే అప్పగించడంతో ఎవరికీ తెలియలేదు. ఇంకొంచెం నిండితే సర్వరే ఆగేది. పాతవి వేరే చోటికి తరలించి, ఆగినదాన్ని మళ్లీ నడిపించి ఎదురుచూశాం. పసుపు దానంతటదే పచ్చబడింది.

"ఇగ నిద్ర పడతది" అందామె.

పసుపు తెర తీసుకున్నందుకు మేనేజరు నన్ను గట్టిగానే మందలించాడు. నిటారుగా నిలబడి విన్నాను. నెలాఖరుకు ఆమె ఉద్యోగం పర్మనెంటయింది.

ఇప్పుడు ఆ గది లేదు. అలర్టులు ఎక్కడో దూరపు ఊరికి వెళ్తాయట, చాలావరకు సాఫ్ట్‌వేరే చక్కబెట్టుకుంటుందట. మంచిదే, యంత్రాలకు అంతకన్నా ఏం కావాలి. కాకపోతే ఒక మనిషి ఇంకో మనిషి ముందు కూర్చుని, ఇది బాగాలేదు, ఇలాగే తీసుకుంటావా అని అడగవలసిన అవసరమూ దాంతోపాటే పోయింది. అలా అడగడానికి తగినవాళ్లమని మనల్ని ఒకరు అనుకోవడం ఎంత గౌరవమో, ఆ కుర్చీల్లో కూర్చున్న మా తరానికి తెలుసు.