ఒక్క వరుస రాయని క్రాంతి కుమార్

క్రాంతి కుమార్ చేసిన తప్పు చూస్తే ఒక్క వరుస. ప్రోగ్రాంలో రాయాల్సింది రాయలేదు, అంతే. ఆ వరుస వెనక ఎన్నేళ్ళ సిగ్గుందో వింటే మీరూ తిట్టలేరు.

మంగంపేట గనుల్లో దుమ్ము పీల్చిన కూలీలకు ఎక్స్‌రే శిబిరం పెడుతున్నారు. పేర్ల జాబితా తయారుచేసే పని కడపలో అతని ఆఫీసుకొచ్చింది. దరఖాస్తుల్లోని వివరాలు సరిచూసి ప్రోగ్రాంకు అందించడానికి ఏ పైథాన్ లైబ్రరీ వాడదామని పైఅధికారి లక్ష్మీప్రియ అడిగింది. మార్ష్‌మాలోనా, పైడాంటికా?

"పైడాంటిక్ మేడం. వేగంగా పనిచేస్తాది."

"దరఖాస్తులో మనం చెప్పని గడి వస్తే?"

"మార్ష్‌మాలో ఆపేసి అడుగుతాది. ఇది ఊరికే వదిలేస్తాది. ఒక్క వరుస రాస్తే ఇదీ ఆపుతాది."

"అట్లాంటి గడేమన్నా ఉండాదా?"

ఉంది. 'మరో పేరు' అనే గడి. దరఖాస్తులో పేరు గని హాజరులోది, కార్డులోని పేరు ఈ గడిలో. మంగంపేటలోని క్రాంతి వాళ్ళ కాలనీలో సగం మందికి రేషన్ కార్డులో అవ్వ పెట్టిన పేరు, చర్చిలోనూ గనిలోనూ బాప్తిస్మం పేరు. వాళ్ళమ్మ కార్డులో ఉరుకుందమ్మ, గని హాజరులో ఏసుమణి. అతనే బడిలో క్రాంతి కుమార్, ఇంట్లో యేసుప్రసాద్. ఏడో తరగతిలో సారు "మీయమ్మ ఏ పేరుకు అన్నం పెడతాదిరా?" అంటే క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవిలోంచి పోలేదు.

"ఏం లేదు మేడం" అని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

శిబిరంలో కార్డులోని పేరు కొట్టి వెతికే పని అతనిదే. పొద్దున్నుంచీ "పేరు లేదు" అని పంపేస్తూనే ఉన్నాడు. ఎందుకు లేదో తెలిసీ పంపుతున్నాడు, పాపిష్టివాడు. మధ్యాహ్నానికి దగ్గుతూ వాళ్ళమ్మ వచ్చి కార్డు పెట్టింది.

"నీకు ఇంకో పేరుండాదామ్మా?" పక్కనున్న లక్ష్మీప్రియ అడిగింది.

అమ్మ కొడుకు ముఖం చూసింది.

"లేదు మేడం. నాకుండేది ఒగటే పేరు" అని కార్డు తీసుకుని వెనక్కి తిరిగింది.

క్రాంతికి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడ్డాడు.

"మాయమ్మ మేడం. ఆమెకు రెండు పేర్లు. నాకూ రెండే."

కూర్చుని ఆ వరుస రాశాడు. ప్రోగ్రాం ఆగి, వదిలేసిన 'మరో పేరు'లన్నీ చూపించింది. నలభై మూడు.

"నా సంగతి తర్వాత" అంది అమ్మ. "మన కాలనీ ఈరక్క కూలి పోగొట్టుకోని వచ్చి, నువ్వు పేరు లేదంటే పొద్దున్నే ఎల్లిపాయ. పోయి పిల్చకరాపో."

ఈరక్క వాళ్ళింటి వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉంది. అతను చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"ఈరక్కా, నేను యేసుప్రసాదును."

"తెలుసు నాయనా. పొద్దున నువ్వే నన్ను గుర్తుపట్టలేదేమో అనుకుంటి."

గుర్తుపట్టాడు. ఆ మాట ఆమెతో అనలేక, శిబిరానికి నడిపించుకుపోవడానికి చెయ్యి అందించాడు.